తెల్లచీరలు, నల్ల ట్యూబులు

ఆ ఏడు ఉదయగిరి పక్క చెరువుల్లో కప్పకు కూడా నీళ్లు లేవు. అందుకని పాస్టరు దయాసాగర్ బాప్తిస్మం తీసుకునేవాళ్లను ట్రాక్టరెక్కించుకుని, ఆత్మకూరు దాటి, సోమశిల డ్యాము వెనకనీళ్ల దగ్గరికి వచ్చాడు. ఈవలి గట్టంతా బర్రెలు తొక్కిన బురద. అవతల రాతిబండ, తేట నీళ్లు. నడుమ డ్యాము నీళ్లలో మునిగిపోయిన పాత పెన్న ఏరు. దాటించేది మునెయ్య పుట్టి.

రేవును వేలంపాటలో పాడుకున్నది మునెయ్యే. వెదురుతో అల్లి తారు పూసిన గుండ్రటి పుట్టి అది. అందులో మనిషికొక జీపు ట్యూబు ఉండేది. గాలి నింపి, చంకల కిందికి తగిలించుకుంటేనే ఎక్కనిచ్చేవాడు. గొర్రెల కాపర్లు ఎగతాళి చేసేవాళ్లు.

"ఏంది మునిగా, మాకు చక్రాలు బిగిస్తుండావు? అవతల రోడ్డెక్కిస్తావా?"

"నోర్మూసుకోని తగిలించుకోరా. నడుమ లేసి నిలబడినావంటే నేనే తోస్తా నీళ్లల్లోకి."

ఆ మాట అతను ఎవరినైనా అనేవాడు. ఆ రోజు మాత్రం నోరు రాలేదు.

వచ్చినవాళ్లు పాస్టరూ, ఏడుగురు ఆడవాళ్లూ. అందరివీ కొత్త తెల్లచీరలు, మడతలు కూడా పోలేదు. ముందున్న కామమ్మ ట్యూబును వేలితో తాకి చూసింది. వేలు నల్లబడింది.

"నాయనా, ఇది తగిలించుకుంటే చీరంతా మసైపోతాదే. నీళ్లల్లో మునిగేదాకా తెల్లంగా ఉండాల గదా మేము."

"అవతలికి ఎంతసేపులే మునెయ్యా" అన్నాడు దయాసాగర్.

మునెయ్య తల గోక్కున్నాడు. దేవుడి పని మీద వచ్చిన ఆడవాళ్లు, శుభ్రంగా ముస్తాబై వచ్చారు. ట్యూబులు తీసి ఒడ్డున పడేశాడు. గంజి తెచ్చిన అతని భార్య ఓబమ్మ అది చూసింది.

"ఏమయ్యా, అవి ఈడ్నే పెట్టి పోతుండావేంది?"

"చీరలు మాసిపోతాయంట."

"మాసిపోతే సబ్బుండాది."

"నువ్వూరుకో."

నడుమ నిలబడొద్దని కూడా చెప్పలేదు. ఇంత ఒద్దికగా కూర్చున్నవాళ్లకు చెప్పేదేముందిలే అనుకున్నాడు.

పుట్టి కదిలింది. కామమ్మ కూతురు కృపారాణి నీళ్లలో చెయ్యి పెట్టి, "అన్నా, ఈడ లోతెంత?" అనడిగింది.

"కింద పాత ఏరుండాదమ్మా. చెయ్యి లోపల పెట్టుకో."

ఆ పిల్ల తడిచేతిని తన చీరకు తుడుచుకోబోయి, ఆగి, తల్లి చీరకు తుడిచింది. కామమ్మ ఆ చేతిమీద ఒక్కటేసింది. పుట్టిలో అందరూ నవ్వారు. మునెయ్య కూడా నవ్వాడు.

పాత ఏటి మీదికి వచ్చేసరికి గాలి లేచింది. పుట్టి గిర్రున ఒక చుట్టు తిరిగింది. ఒకామె హడలిపోయి పాస్టరు చెయ్యి పట్టుకుంది.

"భయపడొద్దమ్మా, ప్రార్థన చేసుకుందాం" అన్నాడు దయాసాగర్.

ఆ మాట వినగానే చర్చిలో లేచినట్టే అందరూ లేచారు. ప్రార్థనంటే లేచి నిలబడడం, కళ్లు మూసుకోవడం వాళ్లకు చిన్ననాటి నుంచీ అలవాటు. పాస్టరూ లేచాడు.

మునెయ్య నోరు తెరిచాడు. కేక గొంతుదాకా వచ్చింది. వాళ్లు తమ దేవుడితో మాట్లాడుకుంటుంటే మధ్యలో అరవడం ఎట్లా అనుకున్నాడు. ఆమెన్ అననీ అనుకున్నాడు.

ఆమెన్ అనలేదు. పుట్టి ఒక పక్కకు వాలింది. కళ్లు మూసుకున్నవాళ్లకు ఎటు వాలిందో తెలియలేదు. అందరూ అటే ఒరిగారు.

బోర్లాపడ్డ పుట్టి అంచు దొరికినవాళ్లు దాన్ని పట్టుకున్నారు. మునెయ్య చేతికందిన కామమ్మను జుట్టు పట్టి లాగి అంచుకు చేర్చాడు. "నన్నొదులు, నా బిడ్డ, నా బిడ్డ" అంటూ ఆమె అతని మణికట్టు కొరికింది. అతను ఆ పిల్ల కోసం నీళ్లలోకి మునిగాడు. చేతికి చీర తగిలింది. బలంకొద్దీ లాగాడు. చీర ఒక్కటే వచ్చింది.

ఒడ్డున ఓబమ్మ ట్యూబులు ఒక్కొక్కటే నీళ్లలోకి విసురుతోంది. అవి బురద దగ్గరే తేలుతున్నాయి. ట్రాక్టరు డ్రైవరు ఎస్టీడీ బూతు కోసం పరిగెత్తాడు.

మిగిలినవాళ్లంతా పుట్టి పట్టుకుని గట్టెక్కారు. కృపారాణి మర్నాడు తేలింది. పోలీసులు అడిగితే, "ప్రార్థనన్నది నేను, మునెయ్య తప్పేం లేదు" అన్నాడు దయాసాగర్. దేవుని చిత్తం అన్నారు సంఘం పెద్దలు. మునెయ్యను ఎవరూ ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే అతను అన్నం తినగలిగేవాడేమో.

దాటాల్సినవాళ్లకు వేరే దారి లేదు గనక రేవు మళ్లీ నడిచింది. కొన్నాళ్లకు ఆ ట్రాక్టరే వచ్చింది. మిగిలిన ఆడవాళ్లు, అవే తెల్లచీరలు, ఉతికి కట్టుకున్నవి. చివర్న కామమ్మ.

మునెయ్య ట్యూబులు వాళ్ల ముందు పడేశాడు.

"ఇవి తగిలించుకోకుంటే పుట్టి కదలదు. ఎవురైనా సరే. లేసేది లేదు. ప్రార్థన కూర్చోనే చేసుకోండి, కండ్లు తెరుచుకోని. అయ్యగారూ, మీగ్గూడా చెప్తుండా."

ఒక్కొక్కరికీ ఇస్తూ వచ్చాడు. కామమ్మ దగ్గరికి వచ్చేసరికి ట్యూబు అతని చేతిలోనే ఉండిపోయింది. ఆమే లాక్కుని తలమీదుగా దించుకుంది. రొమ్ము మీద, చంకల కింద తెల్లటి నేత నల్లబడింది. తుడుచుకోలేదు.

"ఇంత గెట్టిగా ఆ పొద్దే అనుంటే మేం వినమా నాయనా?" అంది.

మునెయ్య పుట్టిని నీళ్లలోకి నెట్టాడు.

పాత ఏటి మీదికి వచ్చాక పాస్టరు కూర్చునే ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ మునెయ్య చెప్పినట్టే కళ్లు తెరుచుకుని ఉన్నారు. కామమ్మ కళ్లు అతని మీదే ఉన్నాయి. అతను తల వంచుకుని తెడ్డు వేస్తూ పోయాడు.