రెండో బకెట్టు నీళ్ళు

పొద్దున్న ఎనిమిదింటికల్లా నాగమణి ఆటోనగర్‌లో షెడ్డుకి చేరిపోయేది. రాగానే చీర మీద మొగుడి పాత ఖాకీ చొక్కా తొడుక్కుని, కుచ్చెళ్ళు పైకి దోపి, నీలం డ్రమ్ములోకి గొట్టం వదిలేది. డ్రమ్ము నిండేలోపు టీ తాగడం అయిపోవాలి. ఆ తరవాత సాయంత్రం ఐదు దాకా బళ్ళు కడగడమే. కాకినాడ పక్క పల్లె నుంచి మొగుడు గవర్రాజు వెంట ఇక్కడికి వచ్చిన ఏడాదికి దొరికింది ఆ పని. గవర్రాజు స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు మనిషి. ఆమె ఇక్కడ. ఇద్దరి చేతులూ సాయంత్రానికి ఒకే రంగులో ఉండేవి.

ఆమె కడిగిన బండి చివరిసారి దేన్ని చూసిందో, అది బకెట్లో నీళ్ళ మీద తేలేది. మురికి అడుక్కి దిగేదాకా ఉండి, తరవాత మామూలు నీళ్ళయిపోయేది. పోర్టులో బొగ్గు దించి వచ్చిన లారీ నీళ్ళలో కాటా గేటు కనిపించేది. పెళ్ళికెళ్ళొచ్చిన జీపు నీళ్ళలో అరటి బోదెలు కట్టిన గుమ్మం. ఘాట్ రోడ్డులో దొర్లిపోయిన వ్యాను నీళ్ళలో ఒకసారి ఆకాశమూ, అందులో తలకిందులుగా చెట్లూ కనిపించాయి. షెడ్డు ఓనరు ఎల్లారావుకి దీని మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. నాగమణి సబ్బు ఎక్కువ వాడుతుంది, నురగలో బొమ్మ సరిగా కనబడక ఇన్సూరెన్సు వాళ్ళు విసుక్కుంటున్నారు అని. యాక్సిడెంటయిన బండి వస్తే బ్రేకు ఇనస్పెక్టరు గంగరాజు ముందు ఆమె బకెట్టు దగ్గరికే వచ్చేవాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, వంగి చూసి, రిపోర్టులో రాసుకునేవాడు. కోర్టులో ఆ రాత చెల్లేది.

రెండేళ్ళుగా కరెంటు కార్లు కూడా వస్తున్నాయి. వాటి నీళ్ళు వేరు. వాటిలో మనుషులు మనుషుల్లా ఉండరు, మొహంలేని బూడిదరంగు బొమ్మల్లా ఉంటారు. ఫ్లెక్సీ మీద నవ్వుతున్న నాయకుడు కూడా రోడ్డు దాటుతున్న బొమ్మలాగే కనిపిస్తాడు. ఒకసారి కూర్మన్నపాలెం దగ్గర హైవే మీద ఒక కారు ఉన్నట్టుండి దానంతటదే ఆగిపోయింది. వెనక మోటారుసైకిలు వచ్చి గుద్దింది. ఆ నీళ్ళలో రోడ్డుకి అడ్డంగా నల్లటి గోడ కనిపించింది. అక్కడ గోడ లేదు, ఫ్లైఓవరు నీడ పడింది అంతే. మోటారుసైకిలు నడిపినవాడు నడుం పడిపోయి మంచాన ఉన్నాడు. ఆ కార్ల కంపెనీ షోరూం మేనేజరు మణికంఠ వచ్చి, వెనకవాడు దూరం పాటించలేదని చెప్పి వెళ్ళాడు.

నాగమణి కొడుకు జయంత్ నడిపేదీ ఆ కంపెనీ కారే. సీతమ్మధారలో క్లినిక్కు ఉన్న డాక్టరమ్మ దగ్గర డ్రైవరుగా కుదిరి మూడు నెలలు. తెల్ల కారు. చేరిన కొత్తలో వాడు ఇంటికొచ్చి చెప్పిన కబుర్లన్నీ దాని గురించే.

"మనం ఏటీ సెయ్యక్కర్లేదమ్మా. ముందు బండి ఆగితే అదే ఆగుతాది, కదిలితే అదే కదుల్తాది. మనిషి అడ్డొస్తే బ్రేకూ అదే."

"మరి నువ్వెందుకురా అందులో?"

"తాళం తియ్యడానికి," అని నవ్వాడు.

కొన్నాళ్ళకి నవ్వడం తగ్గింది. వాడు బ్రేకు కొంచెం గట్టిగా వేస్తే చాలు, ఎక్కడ, ఎన్నింటికి, ఎంత గట్టిగా అన్నది డాక్టరమ్మ ఫోనుకి వెళ్ళేది. వారానికి ఇన్ని మార్కులని వచ్చేవి. మార్కులు తగ్గితే ఆవిడ మందలించేది. "నీ కాలు మొరటు జయంత్. కారుకి తెలుసు ఎప్పుడు ఆగాలో. దాన్ని వదిలెయ్, నువ్వు మధ్యలో వెళ్ళకు." వాడు కాలు వెనక్కి పెట్టుకోవడం నేర్చుకున్నాడు. మూడో నెలలో నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. ఆ రోజు గవర్రాజు కోడిమాంసం తెచ్చాడు.

డిసెంబరులో ఒక ఆదివారం, ఇంటికి చుట్టాలొస్తున్నారని, వంజరం చేప తెమ్మని డాక్టరమ్మ జయంత్‌ని తెల్లారగట్ల ఫిషింగ్ హార్బర్‌కి పంపింది. మంచు పల్చగా ఉంది. ఐసు ఫ్యాక్టరీ మలుపులో జగ్గయ్య అనే అరవై ఏళ్ళ మనిషి, మూడు చక్రాల బండి మీద ఐసు దిమ్మలు పేర్చి, గోనెలు కప్పి, బోట్ల దగ్గరికి నెట్టుకుపోతున్నాడు. కారు వేగం తగ్గకుండా వెళ్ళి అతన్ని గుద్దింది. గుద్దాక ఆగింది.

తొమ్మిదింటికి కారుని క్రేను మీద షెడ్డుకి తెచ్చారు. వెనకే పోలీసు జీపులో జయంత్‌ని తెచ్చారు. ఇనస్పెక్టరు వచ్చి కారు చూసేటప్పుడు డ్రైవరు ఉండాలట. వాడు తల్లి వైపు చూడలేదు. కానిస్టేబులు పక్కన బల్ల మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

"ఏవైందిరా?" అంది నాగమణి.

"మంచులో కనబడలేదమ్మా," అన్నాడు. స్టేషన్లో కూడా అదే రాయించాడు.

గేటు దగ్గర చెట్టు కింద పోతమ్మ కూర్చుంది. జగ్గయ్య భార్య. కొడుకు వీరేంద్ర పెద్దాసుపత్రిలో శవం దగ్గర ఉంటే, ఆమె మొగుడి బండి కోసం వచ్చింది. బండి ఇరుసు విరిగి, కారు పక్కనే పడి ఉంది. బండి ఎందుకని ఎవరూ అడగలేదు. ఆమె చీర అంచు ఐసు నీళ్ళకి తడిసి ఇంకా ఆరలేదు.

మణికంఠ తెల్ల చొక్కాలో, చేతిలో ఫైలుతో దిగాడు. "నాగమణిగారూ, ఇనస్పెక్టరు పదకొండింటికి వస్తున్నారు. ముందు అద్దం వరకు కడగండి," అన్నాడు. కడిగేది డ్రైవరు తల్లి అని ఎల్లారావు అతని చెవిలో చెప్పాడు. కడగడానికి ఇంకో మనిషి లేదని కూడా చెప్పాడు. మణికంఠ ఒక్క క్షణం ఆలోచించి, మంచిదే, అన్నాడు.

నాగమణి గుడ్డ తడిపి, ముందు అద్దం పైన కెమెరా ఉన్నచోట మొదలుపెట్టింది. ఎర్రటి మరకల జోలికి పోకుండా చుట్టూ తుడిచి బకెట్లో పిండింది. నీళ్ళు రెండుసార్లు తిరిగి నిలబడ్డాయి. మలుపు వచ్చింది. దీపం స్తంభం వచ్చింది. ఐసు ఫ్యాక్టరీ గోడ, దాని మీద ఎన్నికల నాటి రాతలతో సహా వచ్చింది. రోడ్డు ఖాళీగా ఉంది. బూడిదరంగు బొమ్మ కూడా లేదు.

మణికంఠ వంగి చూసి ఊపిరి వదిలాడు. "చూశారా. ఎవరూ లేరు. అంటే చివరి క్షణంలో అడ్డం వచ్చాడు. కారు ఏం చేస్తుంది, మీ అబ్బాయి ఏం చేస్తాడు? ఇదే చూపించండి. మీవాడికి ఏమీ కాదు."

గోడ మీద మాత్రం ఒక నీడ ఉంది. తలకి తువ్వాలు చుట్టుకుని, ముందుకు వంగి, దేన్నో నెడుతున్న మనిషి నీడ. కారు లైట్ల వెలుగులో గోడ ఎత్తున పెరిగి ఉంది. కారు ఆ నీడని చూసింది. మనిషి అనుకోలేదు.

మణికంఠ ఫోను మాట్లాడుతూ గేటు దాకా వెళ్ళాడు. నాగమణి కారు లోపలికి వంగి, లోపలి అద్దం తుడిచింది. ఆ అద్దం కింద ఇంకో కెమెరా ఉంటుంది, డ్రైవరు నిద్రపోతున్నాడేమో చూడటానికి. ఆ సంగతి ఆమెకి జయంతే చెప్పాడు. గుడ్డని రెండో బకెట్లో పిండింది. అలవాటుగా పిండింది తప్ప, చూద్దామని కాదు.

నీళ్ళలో కొడుకు మొహం తేలింది.

వాడు నిద్రపోవడం లేదు. ఫోను చూడటం లేదు. రెండు కళ్ళూ విప్పుకుని ఎదురుగా చూస్తున్నాడు. కళ్ళ నల్లగుడ్డు మీద చిన్నగా, శనగగింజంత, తువ్వాలు చుట్టుకున్న మనిషి ఉన్నాడు. ఆ గింజ పెద్దదవుతోంది. జయంత్ మొహంలో భయం లేదు. బస్సు కోసం నిలబడ్డవాడి మొహంలా ఉంది.

నాగమణి బకెట్టు పక్కన చతికిలబడింది. మోరీ రెండడుగుల దూరంలో ఉంది. బకెట్టు కొంచెం వంచితే చాలు. అరగంట ఊరికే కూర్చున్నా చాలు, మురికి దానంతటది దిగిపోతుంది, ఆమె చేత్తో ఏ పాపమూ చేసినట్టు కాదు. మొదటి బకెట్టు అక్కడే ఉంది, అది కలిపి చూపిస్తే ఇనస్పెక్టరు రాసుకుంటాడు, కొడుకు ఇంటికొస్తాడు. జగ్గయ్య అడ్డం వచ్చి చచ్చిపోయినవాడవుతాడు. అలాంటి కార్లు ఈ ఊళ్ళో ఎన్ని ఉన్నాయో ఆమెకి తెలీదు. వారానికి ఐదారు ఆమె చేతి మీదుగానే పోతున్నాయి. బోట్ల దగ్గరికి తెల్లారగట్ల నెట్టే ఐసు బళ్ళు కూడా ఎన్నో ఆమెకి తెలీదు.

ఆమె బకెట్టు వైపు చెయ్యి చాపింది. చెయ్యి బకెట్టు చెవి దాకా వెళ్ళింది. పట్టుకుంది కూడా.

అప్పుడే పోతమ్మ లేచి వచ్చింది, బండి పక్కన కూర్చుందామని. దారిలో మొదటి బకెట్టు దగ్గర ఆగిపోయింది. చాలాసేపు చూసింది.

"ఇదేటప్పా," అంది. "రోడ్డుంది, గోడుంది. మా ఆయనేడీ?"

నాగమణి చెయ్యి బకెట్టు చెవి మీదే ఉంది.

"గోడ మీదున్నాడు గానీ రోడ్డు మీద నేడు," అంది పోతమ్మ. ఆ నీడ తలపాగా మీద వేలు పెట్టబోయి, నీళ్ళు కదులుతాయని ఆపుకుంది. "ముప్పై ఏళ్ళు ఆ రోడ్డు మీదే తిరిగినాడు. ఇందులో నేడేటి?"

నాగమణి బకెట్టు చెవి వదిలేసింది. మురికి అప్పటికే దిగడం మొదలైంది, కొడుకు నుదురు పల్చబడుతోంది. ఆమె చెయ్యి నీళ్ళలో పెట్టి అడుగు నుంచి కలిపింది. మొహం మళ్ళీ వచ్చింది.

"ఇందులో ఉన్నాడు, ఇలా రండి," అంది.

గంగరాజు వచ్చేసరికి పదకొండున్నర అయింది. అప్పటిదాకా నాగమణి రెండు బకెట్ల నీళ్ళూ మార్చి మార్చి కలుపుతూనే ఉంది. చన్నీళ్ళకి చెయ్యి మోచేతి దాకా తిమ్మిరెక్కింది. పోతమ్మ ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉంది. మణికంఠ రెండుసార్లు వచ్చి, లోపలి కెమెరా కంపెనీ సొత్తు, దాని నీళ్ళు చూపించడానికి లేదు అన్నాడు. ఎల్లారావు పిలిచి, "నీ కొడుకే కదమ్మా," అన్నాడు. "అవునండి," అంది, అంతే.

గంగరాజు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి మొదటి బకెట్టు చూశాడు, రాసుకున్నాడు. రెండో బకెట్టు చూశాడు. వెంటనే రాయలేదు. జయంత్‌ని పిలిచాడు.

జయంత్ వచ్చి తన మొహం తాను చూసుకున్నాడు. తరవాత తల్లి చేతిని చూశాడు.

"కనబడలేదని రాయించావు," అన్నాడు గంగరాజు.

"కనబడ్డాడండి."

"మరి?"

"ఆగుతాదనుకున్నాను." గొంతు తగ్గించి మళ్ళీ అన్నాడు. "రోజూ ఆగేదండి. నాను కాలెడితే మేడం గారికి తెలిసిపోతాది. ఇప్పుడాగుతాది, ఇప్పుడాగుతాది అనుకుంటా ఉన్నాను."

పోతమ్మ తలెత్తింది. "ఎంతసేపు సూసావు బాబూ?"

"నాలుగు సెకన్లుంటాది పిన్నీ."

"అదెంత?" అని ఆమె ఇనస్పెక్టరుని అడిగింది.

గంగరాజు చేతి గడియారం చూసుకున్నాడు. "ఒకటి," అన్నాడు. ముల్లు కదిలాక "రెండు" అన్నాడు. పక్క షెడ్డులో రేకు కొడుతున్నవాడు ఎందుకో ఆగాడు. "మూడు." కానిస్టేబులు తల దించుకున్నాడు. "నాలుగు."

"సానా సేపే," అంది పోతమ్మ.

ఆ రోజు రిపోర్టులో గంగరాజు రెండు వాక్యాలు రాశాడు. కారు మనిషిని గుర్తించలేదు. డ్రైవరు గుర్తించాడు గాని బ్రేకు వేయలేదు. మొదటి వాక్యం పట్టుకుని కంపెనీ మీద విచారణ మొదలైంది. రెండు నెలల తరవాత ఆ రకం కార్లన్నిటికీ ఏదో కొత్త ప్రోగ్రాం ఎక్కించారు. దానితో వచ్చిన ఉత్తరంలో 'సౌకర్యం మెరుగుపరచడమైనది' అని ఉంది. జగ్గయ్య పేరు లేదు. తరవాత షెడ్డుకి ఇంకో కాగితం వచ్చింది. తమ కార్లని ఇకమీదట నీళ్ళతో కడగరాదని, పొడిగుడ్డతో మాత్రమే తుడవాలని. ఎల్లారావు ఆ కాగితాన్ని నాగమణికి చదివి వినిపించి, రేపట్నుంచి రావద్దన్నాడు.

రెండో వాక్యం జయంత్ మీద కేసు అయింది. బెయిలు మీద ఇంటికొచ్చాడు. గవర్రాజు నాగమణితో మాట్లాడటం మానేశాడు. అన్నం ఆమె పెడితే తినేవాడు, ఇంకొంచెం కావాలంటే లేచి తనే వడ్డించుకునేవాడు. జయంత్ మాత్రం తల్లిని ఒక్క మాట అనలేదు. వకీలు, ఆ నీళ్ళలో మొహం నీది కాదని చెప్పు, గట్టెక్కిస్తాను అన్నా ఒప్పుకోలేదు.

తీర్పు రోజు తల్లీ కొడుకూ సిటీ బస్సెక్కారు. సీటు దొరికింది. జైలుకి పంపుతారని ఇద్దరికీ తెలుసు. నాగమణి సంచిలో రెండు జతల బట్టలు, తువ్వాలు, పళ్ళపొడి సర్దింది. ఎన్నేళ్ళన్నదే తెలియాలి.

ఎన్.ఎ.డి. జంక్షన్ దాటాక ఆమె కొడుకు కాలు చూసింది. ముందు ఆటో ఆగబోతే, బస్సు డ్రైవరు కంటే ముందే, జయంత్ కుడికాలు బస్సు రేకు మీద గట్టిగా నొక్కుకుంటోంది. స్టాపు వస్తే నొక్కుకుంటోంది. మోటారుసైకిలు అడ్డం తిరిగితే నొక్కుకుంటోంది. తొడ నరాలు బిగుసుకుపోతున్నాయి. వాడు మాత్రం కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు, తన కాలు ఏం చేస్తోందో తెలియనట్టు.

కంచరపాలెంలో తలమీద గంపతో ఒకామె రోడ్డు దాటుతోంది. బస్సు చాలా దూరంలోనే ఆగింది. ఆమె నింపాదిగా దాటి, అవతలి గట్టెక్కి, గంప సర్దుకుని వెళ్ళిపోయింది. బస్సు కదిలింది. జయంత్ కాలు తియ్యలేదు.

నాగమణి ఆ మోకాలి మీద చెయ్యి వేసింది. కోర్టు వచ్చేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది. దాని కింద కాలు నొక్కుతూనే ఉంది.