హాజరు పలకని నేల

పాత మేడ కింది హాలు నేలకి వార్నిష్ వేయించి పూరిత తప్పు చేసింది. పెళ్లి ఫొటోల్లో మెరుస్తుందనుకుంది.

సిలాయ్ ఊళ్లో చెరకు తోటల దొరలు కట్టుకున్న మేడ అది. యుద్ధంలో ఆసుపత్రి అయింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆడపిల్లల బడి. ఇప్పుడు పెళ్లిళ్లకు అద్దెకిస్తున్నారు. ఆ బడిలో చదివిన పూరితే ఇప్పుడు మేనేజరు.

రోజూ పొద్దున్నే కొబ్బరిపీచు డిప్ప పాదం కింద పెట్టుకుని పనివాళ్లు చెక్కనేల రుద్దేవారు. రుద్దిన చెక్క ఎప్పుడో విన్నవి తిరిగి పలికేది. పైఅంతస్తులో రోగులు నీళ్లడిగేవారు. కింద హాల్లో పిల్లలు హాజరు పలికేవారు. పది కాగానే ఆ బడి పాత పంతులమ్మ, ఎనభై నాలుగేళ్ల కన్సోర్సియా మాయెస్ట్రా వచ్చి, కిటికీ పక్కన కూర్చుని పేర్లు పిలిచేది. ఆవిడకు మిగిలిన పని అదొక్కటే.

"లూజ్ అల్కాంతరా?"

"ఉన్నాను మాయెస్ట్రా," అనేది నేల.

"పూరితా విల్యానువేవా?"

ముక్కుతో పలికే తన చిన్నప్పటి గొంతు విని పూరిత నవ్వేది.

"నేలలో ఉన్న పూరితే నయం. పిలవగానే పలుకుతుంది," అని దెప్పేది పంతులమ్మ.

వార్నిష్ ఆరిన మర్నాడు నలభై పేర్లూ పిలిచింది. ఒక్కరూ పలకలేదు.

"ఇదేంటే పిల్లా, ఇవాళ సెలవా?"

"అవును మాయెస్ట్రా. సెలవులిచ్చారు," అనేసింది పూరిత.

"ముందే చెప్పొద్దూ? పౌడరు కూడా రాసుకొచ్చాను. ఎన్నాళ్లు?"

"చాలా రోజులు."

"అయితే ఇలోయిలోకి వెళ్లొస్తా. చెల్లెలు ఎన్నేళ్లుగానో రమ్మంటోంది. నాకు తీరికెక్కడేడిసింది!"

పడవెక్కి వెళ్లింది. మూడో వారం చెల్లెలు ఫోన్ చేసింది. అక్క నిద్రలోనే పోయిందట. "రోజూ బడెప్పుడు తెరుస్తారో కనుక్కోమని నా ప్రాణం తీసేదమ్మా," అంది.

పూరిత కిటికీ పక్కన వార్నిష్ గీకి, నెల్లాళ్లు స్వయంగా పీచుతో రుద్దింది. నేల పలకలేదు.

ఆ తర్వాత యజమాని ఎల్పిడియో మనీలా నుంచి ఇంకో పది వార్నిష్ డబ్బాలు పంపాడు.

"పైన కూడా వేయించెయ్ పూరితా. అతిథులకు గదులు చేద్దాం."

"పైన రోగులున్నారు సర్."

"వాళ్లేమన్నా అద్దె కడతారా?"

"కట్టరు. నన్ను తీసేస్తే తీసేయండి. డబ్బాలు మాత్రం పైకెక్కవు."

ఆమె లేకపోతే డిసెంబరు పెళ్లిళ్లు గట్టెక్కవని ఆయనకూ తెలుసు. డబ్బాలు వచ్చిన బండిలోనే వెనక్కి పోయాయి.

పదకొండేళ్లుగా పైనేల తనే రుద్దుతోంది. మా అమ్మ వచ్చిందా అని అక్కడో కుర్ర గొంతు రోజూ అడుగుతుంది. పూరిత రుద్దడం ఆపి, రాలేదనే చెబుతుంది.