పందెం చీటీ

పేపర్లో కోచ్ ప్రెంటిస్ ఫొటో చూసేసరికి బ్రైనా జెలెంకోకి అరికాలి మంట నెత్తికెక్కింది. రుమాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు మహానుభావుడు. ఫొటో కింద పెద్ద అక్షరాలతో ఆయన మాటలు: "కన్నబిడ్డల్లా చూసుకున్నాను. జూదగాళ్ళకు అమ్ముడుపోయి నా గుండె కోశారు. ఈ పందేల సంగతి నాకు కలలో కూడా తెలియదు."

కోట్లు కుట్టే షాపులో పద్దెనిమిదేళ్ళుగా కాజాలు కుడుతున్న మనిషి బ్రైనా. మొగుడు చనిపోయిన వారం తప్పితే ఒక్క పూట మానింది లేదు. ఆ రోజు మాత్రం ఫోర్‌మన్ వెనకనుంచి అరుస్తున్నా వినిపించుకోకుండా కోటు తొడుక్కుని సబ్‌వే ఎక్కేసింది.

కన్నబిడ్డలట! ఆ బిడ్డల్లో ఒకణ్ణి కన్నది తను. పేరు సీమోర్. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుతో ఫిలడెల్ఫియా వెళ్ళి ఆడి తిరిగొస్తుంటే, అయిదు రోజుల కిందట రైలు స్టేషన్లోనే డిటెక్టివ్‌లు పట్టుకుపోయారు. బెయిలు మీద ఇంటికొచ్చినవాడు తిండి సరిగ్గా ముట్టడం లేదు. ఎంత నిలదీసినా ఒకటే మాట, "మేం ఓడిపోలేదమ్మా."

అదీ నిజమే. గెలిచేదెవరన్న దాని మీద కాదు, ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తారన్న దాని మీద పందెం. పది పాయింట్లతో గెలవాల్సిన ఆటను నాలుగుతో గెలవమని సిల్కు టై కట్టుకున్నవాడెవడో అడిగాడు. వీళ్ళు అలాగే గెలిచి కవర్లు పుచ్చుకున్నారు. గెలిచాంగా, ఇంకేం తప్పు అనుకున్నారు దద్దమ్మలు!

మధ్యాహ్నం రెండింటికి కాలేజీలో కమిటీ కూర్చుంటోంది. డిగ్రీకి ఇంకా నాలుగు నెలలే ఉన్నాయి. లెక్కల మాస్టారు కావాలన్నది సీమోర్ ఆశ. 'ఈ దారి పట్టించింది మేమే' అని కోచ్ లాంటి పెద్దవాడొకడు ఒప్పుకుంటే ఏడాది సస్పెన్షన్‌తో బయటపడతాడు. లేకపోతే పేరు కొట్టేస్తారు. ఆ తర్వాత న్యూయార్కులో ఏ బడీ వాణ్ణి గుమ్మం తొక్కనివ్వదు.

జిమ్‌లో కోచ్ కొత్త కుర్రాళ్ళ చేత పాసులు వేయిస్తున్నాడు. అప్పుడే కొత్తవాళ్ళు! ఆమెను చూసి నోట్లోంచి విజిల్ తీశాడు.

"రండమ్మా, మిసెస్ జెలెంకో. నాకూ కంటిమీద కునుకు లేదంటే నమ్మండి."

"మీ కునుకు గొడవ నాకెందుకు కోచ్ గారూ? మావాడి కోసం కమిటీ ముందు నోరు విప్పుతారా లేదా, అది చెప్పండి."

"ఏమని విప్పమంటారు? వాడేమైనా పసివాడా? ఇరవై ఒక్కేళ్ళొచ్చాయి."

"పదిహేడేళ్ళప్పుడు మా వంటింట్లో కూర్చుని, నేను చేసిన క్యాబేజీ చుట్టలు రెండు ప్లేట్లు లాగించి, వీడు ఇవాళ్టినుంచి నా బిడ్డ అన్నారే! అప్పుడు తెలీదా వాడికి వయసొస్తుందని?"

కుర్రాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వాడు. కోచ్ మెడ ఎర్రబడింది.

"చూడమ్మా, నేను నేర్పింది ఆట. పందేలు కాదు."

"కాదా? మరి కొండల మీది హోటలు సంగతేంటి?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "అదంతా ఏదో సరదాకి. దాన్ని తెచ్చి దీనికి ముడిపెట్టకండి" అని గొణిగి, విజిల్ ఊదుకుంటూ కోర్టులోకి వెళ్ళిపోయాడు.

ఆ సరదా ఏమిటో ఆమెకు బాగా తెలుసు. వేసవి రాగానే తమ కుర్రాళ్ళను క్యాట్‌స్కిల్ కొండల్లోని హోటళ్ళకు పంపేది కోచ్‌లే. పగలు బల్లల దగ్గర వడ్డన, సాయంత్రం అతిథుల ముందు ఆట. ఆటకు ముందు టోపీ తిప్పుతారు. తలా ఒక డాలరు వేసి చీటీ తీయాలి. రెండు జట్ల పాయింట్లూ కలిపితే ఎవరి చీటీలో అంకె వస్తుందో, టోపీలో డబ్బంతా వాళ్ళదే.

రెండు వేసవుల కిందట కొడుకును చూద్దామని బ్రైనా అక్కడికి వెళ్ళింది. హోటలు యజమాని పక్కన కూర్చున్న కోచ్ తనే లేచి ఆమె ముందుకు టోపీ తెచ్చాడు. ఆమెకు నూట మూడు వచ్చింది. ఆఖరి నిమిషంలో స్కోరు సరిగ్గా నూట మూడు దగ్గరుండగా సీమోర్‌కు, పడితే ఇంకో పాయింటు కలిసే ఫౌల్ షాట్ దొరికింది. కోచ్ ఆమె చేతిలో చీటీ చూసి, "ఒరే సీమోర్, మీ అమ్మది నూట మూడురా!" అని కేకేశాడు. వాడు తల్లికి కన్నుగీటి, బంతిని రింగుకు తగలకుండా విసిరేశాడు. జనం పడీ పడీ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది ఆమె. ఊరికొచ్చాక వీధంతా చెప్పుకుని మురిసిపోయింది.

ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. కమిటీ ముందు చెబితే తల్లే జూదం నేర్పిందంటారు. చెప్పకపోతే ఈయన కడిగిన ముత్యంలా బయటపడతాడు. చెప్పాలి. తన పరువు పోతే పోనీ.

కమిటీలో అయిదుగురు పెద్దమనుషులు. మధ్యలో డీన్, చివర స్టెనో. సీమోర్ తల వంచుకుని నిలబడ్డాడు. కోచ్ తల దువ్వుకుని వచ్చి కూర్చున్నాడు.

"ఇరవై ఏళ్ళలో నా జట్టు దగ్గర పందెం అన్న మాటే వినలేదు" అన్నాడు.

బ్రైనా లేచింది. "వినలేదా? అన్నదే నువ్వు కదయ్యా!"

"అమ్మా, కూర్చో" అన్నాడు సీమోర్.

"నోర్ముయ్! నీ సంగతి ఇంటికెళ్ళాక చూస్తా."

అంతా చెప్పింది. డాలరు వేశానంది, నూట మూడంది, కొడుకు తన కోసం షాట్ వదిలేస్తే నవ్వానంది. స్టెనో పెన్ను పరిగెత్తింది. "టోపీ తెచ్చింది, వాడికి అంకె అరిచి చెప్పింది ఈ కోచ్" అనగానే డీన్ వేలెత్తాడు. పెన్ను ఆగిపోయింది.

"అది ఈ విచారణకు సంబంధం లేని విషయమమ్మా."

"నా చీటీకి సంబంధం ఉంది, ఆయన టోపీకి లేదా?"

అయిదు తలలు దగ్గరికి చేరి, గుసగుసలాడి, విడిపోయాయి. తల్లే పందెం కాసి కొడుకు చేత షాట్ తప్పించినట్టు ఒప్పుకున్నందున ఇంట్లోనే ఆ అలవాటు ఉందని తేలింది, కాబట్టి పేరు కొట్టేస్తున్నాం అన్నాడు డీన్. కొడుకును నిలబెడతాయనుకున్న మాటలతోనే వాణ్ణి కూలదోశారు.

కోచ్ వాచీ చూసుకున్నాడు. "శనివారం ఆట ఉంది. నాకు సెలవిప్పిస్తే..."

"వెళ్ళండి, వెళ్ళండి. పిల్లలు ఎదురుచూస్తుంటారు" అన్నాడు డీన్.

సీమోర్ అప్పుడు తలెత్తాడు. "సర్, నా పేరు ఎలాగూ పోయింది. మా అమ్మ అబద్ధం చెప్పలేదని ఒక్క మాట చెప్పి వెళ్ళండి. ఆ రోజు అరిచింది మీరే కదా?"

కోచ్ తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు. ఇరవై ఏళ్ళ కిందటి ఆటల్లో ఎవడు ఏ మూలనుంచి షాట్ కొట్టాడో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి.

"నాకు గుర్తు లేదు బాబూ" అన్నాడు. తలుపు మూసుకుంది.

బ్రైనా స్టెనో బల్ల దగ్గరికి నడిచి, రెండు చేతులూ దాని మీద ఆనించింది.

"రాయి తల్లీ. ఆయనకు గుర్తు లేదట. అదొక్కటైనా రాయి."

ఆ పిల్ల డీన్ వైపు చూసింది. డీన్ తల అడ్డంగా ఊపాడు.

"అయితే నేనిక్కడే ఉంటా" అంది బ్రైనా. "రాసేదాకా ఈ బల్ల వదలను. పోలీసుల్ని పిలుచుకుంటారో, ఎవర్ని పిలుచుకుంటారో పిలుచుకోండి."