కౌంటరుకి అవతలివైపు

ఐమోజీన్ ప్రూయిట్ కొనడానికొచ్చినవాళ్ళ మొహం చూడదు, చెయ్యి చూస్తుంది. అలబామాలో కోవిన్ సరస్సు ఒడ్డున, వెల్డన్ గేలాల కొట్లో, గాజు కౌంటరు వెనకాల ఇరవై రెండేళ్ళుగా ఆమె చేస్తున్న పని అదే. "ఏదీ, చెయ్యి చూపించు" అంటుంది. అరచెయ్యి వెడల్పు చూస్తుంది, మణికట్టు పట్టుకుని అటూ ఇటూ ఊపుతుంది, గోడ మీంచి గేలం రాడ్ ఒకటి తీసి చేతిలో పెడుతుంది. తొందర మనిషికి దారాన్ని నిదానంగా చుట్టే రీలు, బద్ధకస్తుడికి చురుగ్గా తిరిగే రీలు. మొండివాడికి కొస మెత్తగా వంగే రాడ్ ఇచ్చి, విరిచేస్తే కొత్తది కొనుక్కోవాల్సిందేనని ముందే చెప్పేస్తుంది. ఆ ఊళ్ళో బాస్ చేపని పట్టినవాడెవడైనా ఆమె ఇచ్చిన రాడ్‌తోనే పట్టాడు.

ఇదిగాక ఆమెకో పిచ్చి ఉంది. ఎవరు ఏం కొన్నా, వాళ్ళడక్కపోయినా, ఒక చిన్న కాగితం సంచిలో ఎరకి పనికొచ్చే రబ్బరు వానపాములు రెండు మూడు వేసి, సంచి మీద పెన్సిల్‌తో ఓ మాట రాసి, కొన్నవాటి అడుగున పడేస్తుంది. ఎవరూ కొనని నేరేడు రంగు వానపాములంటే ఆమెకి మరీ ముద్దు. ఊరికే పంచిపెట్టి తన కొంప ముంచుతోందని వెల్డన్ ఇరవై రెండేళ్ళుగా సణుగుతూనే ఉన్నాడు. ఆమె ఇరవై రెండేళ్ళుగా వినడం లేదు.

ఇన్ని తెలిసిన ఐమోజీన్ జన్మలో ఒక్కసారీ గేలం వెయ్యలేదు. శనివారాలన్నీ కొట్టుకే సరిపోయాయని చెబుతుంది. అది నిజమే కానీ మొత్తం నిజం కాదు. ఆమెకి భయం. వేసి, పడకపోతే? అంతవరకూ చేతులు చాపినవాళ్ళు ఆ తర్వాత చాపుతారా? అరవై ఒక్కేళ్ళ మనిషికి పొద్దున్నే నాలుగింటికి లేవడానికి ఉన్న ఒకే ఒక్క కారణం ఆ చాపిన చేతులు.

మార్చి నెలలో ఒక మంగళవారం, కొత్తగా ఊరికొచ్చిన లెక్కల టీచరు చెయ్యి పట్టుకుని ఆమె ఊపుతుండగా, కాఫీ తాగుతున్న డోయల్ హార్గెట్ మాట విసిరాడు. డోయల్ అంటే ఊళ్ళో ఏకైక వీరుడు. అయిదేళ్ళ కిందట అతను పట్టిన తొమ్మిది పౌండ్ల బాస్ చేపే కౌంటరు పైన గోడకి నోరు తెరుచుకుని వేలాడుతోంది. దాన్ని ఏ ఎరతో పట్టాడో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. ఒడ్డుకి రాకముందే దారం తెంపి ఎర దాచేశాడు. అడిగినవాడికల్లా ఒక్కో అబద్ధం చెప్పాడు. దాచడం అక్కడ తప్పేమీ కాదు, అందరూ చేసే పనే. కాకపోతే అయిదేళ్ళు దాచినవాడు మాత్రం ఇతనొక్కడే.

"దారం తడపనివాళ్ళు చెప్పే సలహా అంటే, వంట రానివాళ్ళు ఉప్పు చూసినట్టే మిస్ ఐమోజీన్" అన్నాడు డోయల్. టీచరు మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ చెయ్యి వెనక్కి పోవడం ఐమోజీన్ చూసింది. ఒళ్ళు మండిపోయింది. ఈ శనివారం చేపల క్లబ్బు పెట్టే పోటీలో తనూ దిగుతానంది. డోయల్ కంటే తక్కువ బరువు తెస్తే ఇక ఈ కొట్లో రాడ్‌ల గురించి నోరెత్తనని, డబ్బు తీసుకుని చిల్లర ఇవ్వడమే తన పని అని అందరి ముందూ అనేసింది. ఎక్కువ తెస్తే మాత్రం గోడ మీది చేపని దేంతో పట్టాడో డోయల్ ఒడ్డున నిలబడి చెప్పాలి. డోయల్ నవ్వుతూ ఒప్పుకున్నాడు. వెల్డన్ చేతిలోని రొట్టెలాంటి బిస్కట్టు గ్రేవీలో జారిపడి మునిగిపోయింది.

గురువారం కొట్టు మూశాక ఆమె తనకోసం సరుకు ఎంచుకోవడానికి కూర్చుంది. కూర్చోవడమేమిటి, కాలు నేల మీద నిలిస్తేగా. జీవితంలో మొదటిసారి కౌంటరు చుట్టూ తిరిగి, కొనేవాళ్ళు నిలబడే చోటికొచ్చి నిలబడింది. తన చెయ్యి తనే చాపి చూసుకుంది. ఏమీ తోచలేదు. ఊరందరి చేతులూ పుస్తకంలా చదివిన మనిషికి సొంత చెయ్యి తెల్ల కాగితంలా కనిపించింది. దాంతో పట్టరాని నవ్వొచ్చింది.

ఇక చూడాలి ఆ హడావిడి. ఒక రాడ్ తీసింది, ఊపింది, బిరుసన్నది. ఇంకోటి ఊపింది, మరీ మెత్తనంది. మూడోది ఊపితే సీలింగ్ ఫ్యానుకి తగిలింది. నాచులోంచి లాగడానికి ఒక గట్టిది, చెక్క చేపపిల్లల ఎరలకి ఒక వంగేది, రబ్బరు వానపాములకి కొస సన్ననిది, ఊరికే అందంగా ఉందని ఒక ఎర్రది. లెక్క చూస్తే పద్నాలుగు తేలాయి. పోటీలో సొంత పడవ లేక వెనక కూర్చునేవాళ్ళకి అయిదే అనుమతి. పద్నాలుగుని అయిదు చేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఎర్రదాన్ని మాత్రం వదల్లేదు. ఎరలైతే కప్పలనీ, రెక్కలు తిరిగేవాటినీ, గిలక్కాయలా మోగేవాటినీ పసిపిల్ల బొమ్మల్ని పోసుకున్నట్టు ఒళ్ళో పోసుకుంది.

రీళ్ళ దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆలోచించలేదు. అక్కడే కొంప మునిగింది. గాజు కౌంటర్లో, తిప్పే పిడి కుడివైపు ఉన్న రీళ్ళు కొనేవాళ్ళ కుడిచేతి వైపు ఉంటాయి. అంటే వెనకాల నిలబడే ఐమోజీన్‌కి అవి ఎడమవైపు. ఊళ్ళో దాదాపు అందరూ కొనేది అవే కాబట్టి, ఇరవై రెండేళ్ళుగా ఆమె చెయ్యి చూడకుండానే ఎడమవైపుకి పోతుంది. ఆ రోజూ ఎడమవైపుకే పోయింది. కాకపోతే ఆ రోజు ఆమె నిలబడింది ఇటువైపు. పెట్టెలన్నీ ఒకే రంగు. వాటిమీద రాసింది చదవడం ఆమెకి నామోషీ. అయిదుకి అయిదూ ఎడమ పిడి రీళ్ళు తీసి, మిషన్ మీద దారం చుట్టి, రాడ్‌లకి బిగించి ఇంటికి పట్టుకుపోయింది.

ఇంటి దగ్గరైనా తెలియాల్సింది. కానీ గురువారం రాత్రి మొదలైన వాన శుక్రవారమంతా వదల్లేదు. విసిరి చూడ్డానికి పెరట్లోకి పోయే వీల్లేక, బీరువా అద్దం ముందు నిలబడి చూసుకుంది. అద్దంలోని ఐమోజీన్ రీలు తిప్పుతుంటే, కౌంటరు అవతల నిలబడి తిప్పే ఊరి జనం ఎలా కనబడతారో అచ్చం అలాగే కనబడింది. ఎప్పుడూ తిప్పని చేతులకి ఏ వైపు పిడైనా ఒకటే కదా. తనని చూసి తనే మెచ్చుకుంది.

శుక్రవారం సాయంత్రం వెల్డన్ ఎర చేపపిల్లలు ఉంచే బకెట్లో చీటీలు వేసి, ఎవరి పడవలో ఎవరెక్కాలో తీశాడు. మిస్ ఐమోజీన్, డోయల్ హార్గెట్ పడవలో. కొట్టంతా ఘొల్లున నవ్వింది.

శనివారం తెల్లారేసరికి వాన వెలిసింది. డోయల్ పడవ నీటి మీద ఎగిరెగిరి పడుతుంటే ఐమోజీన్ టోపీ గాలికి ఎగిరిపోయింది. ఆమె పట్టించుకోలేదు. గొంతులోంచి చిన్నపిల్లలా కూత ఒకటి దానంతటదే వచ్చేసింది. ఇరవై రెండేళ్ళు కిటికీలోంచి చూసిన సరస్సు ఇంత పెద్దదని ఆమెకి తెలీదు.

పాత రేవు కర్రల దగ్గర పడవ ఆపి, డోయల్ వెనక్కి తిరిగాడు. ఆమె రాడ్‌ల వంక చూశాడు. ఇంకోసారి చూశాడు. తర్వాత పడవ అంచు పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వాడు.

"మిస్ ఐమోజీన్, మీరు ఎడమచేతి వాటమా?"

"కాదే."

"మరి అయిదుకి అయిదూ ఎడమ పిడివి తెచ్చారేం?"

ఆమె గుండె జారి పడవ అడుగుకి పోయింది. మార్చి బిగించడానికి వేరే రీళ్ళు లేవు, వెనక్కి వెళ్ళడానికి వీల్లేదు. మొదటి విసురుకే దారం రీలు నిండా చిక్కుపడి పిచికగూడు కట్టింది. గూడు విప్పుతూ అరగంట కూర్చుంది. ఆ అరగంటలో డోయల్ రెండు చేపల్ని పట్టి తొట్టిలో వేశాడు. ఇక కొట్లో నోరు మూసుకుని చిల్లర లెక్కపెట్టుకుంటూ బతకాలి కాబోలనుకుంటే ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, ఇలాంటి గూడు తెచ్చినవాళ్ళకి తను ఏం చెబుతుందో గుర్తు తెచ్చుకుంది. రీలు మర బిగించు, దారం మీంచి బొటనవేలు తియ్యకు, దూరం ఆశపడకు. చెప్పినవన్నీ తనే చేసింది. కొస సన్నగా ఉన్న రాడ్‌కి నేరేడు రంగు వానపామును కట్టి, పక్కనే ఉన్న కర్ర దగ్గర, డోయల్ అప్పటికే వేసి వదిలేసిన చోట, బారెడు దూరంలో వేసింది.

వానపాము మునుగుతుండగానే దారం చిన్నగా తడబడింది. ఆమె ఎడమ చెయ్యి అప్పటికే పిడి మీద ఉంది. ఒక్క చుట్టు తిప్పి రాడ్ ఎత్తింది. అవతల ఎవరో తలుపు లాగినట్టయింది.

రెండు పౌండ్ల పైన ఉంటుంది ఆ చేప. ఐమోజీన్ దాన్ని గుండెకి హత్తుకుంది, చొక్కా పాడైంది. పదిహేను నిమిషాలకి ఇంకోటి. డోయల్ నవ్వు తగ్గింది. ఊళ్ళో అందరిలాగే అతనూ కుడిచేత్తో విసిరి, రాడ్‌ని ఎడమ చేతికి మార్చి, అప్పుడు కుడిచేత్తో పిడి పట్టుకుంటాడు. తాతల నాటి అలవాటు, ఎందుకని ఎవరూ అడగలేదు. ఎర మునిగేది సరిగ్గా ఆ చేతులు మారే క్షణంలోనే. వానకి బద్ధకించిన చేపలు ఆ రోజు మునిగేటప్పుడే నోట పట్టి, రుచి చూసి ఉమ్మేస్తున్నాయి. డోయల్ చెయ్యి పిడి మీదికి చేరేసరికి అవి వెళ్ళిపోయి ఉంటున్నాయి. కుడిచేత్తో విసిరి ఎడమ చేత్తో తిప్పే ఐమోజీన్‌కి మార్చుకోవాల్సిన చెయ్యే లేదు. మధ్యాహ్నానికి ఆమె పిచ్చిదానిలా నవ్వుతోంది. ఎర్ర రాడ్ తీసి ఊరికే గాల్లో ఊపి మళ్ళీ పెట్టేసింది. డోయల్ ఉడికించిన వేరుశనక్కాయలు ఇవ్వబోతే చేతులు ఖాళీ లేవంది.

మూడింటికి రేవులో వెల్డన్ తూకం వేశాడు. ఆ రోజు పోటీ ఎవరు గెలిచారో ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు. డోయల్ చేపలు అయిదు, పదకొండు పౌండ్ల మూడు ఔన్సులు. ఐమోజీన్‌వి నాలుగే. వెల్డన్ కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చూశాడు. పదకొండు పౌండ్ల తొమ్మిది ఔన్సులు. టీచరు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది.

అప్పుడు అందరూ డోయల్ వైపు తిరిగారు. అతను ఇప్పుడూ అబద్ధమే చెబుతాడని సగంమంది అనుకున్నారు. డోయల్ చెవులదాకా ఎర్రబడ్డాడు. జేబులోంచి పర్సు తీశాడు. పర్సులోంచి మడతలు అరిగిపోయిన చిన్న కాగితం సంచి తీసి వెల్డన్ చేతిలో పెట్టాడు. పెన్సిల్ రాత మాసిపోయింది కానీ చదవొచ్చు. వెల్డన్ పైకి చదివాడు.

"మునిగేదాకా ఆగు. తొందరపడకు. ఐమోజీన్."

సంచిలో నేరేడు రంగు వానపాము ఒకటి మిగిలి ఉంది.

అయిదేళ్ళ కిందట ఆ చేప పడిన రోజు మధ్యాహ్నందాకా ఏదీ పడలేదని, కొన్నవన్నీ వేసి విసిగిపోయి, అడుగున ఇది కనబడితే పారేద్దామనుకుని, ఊరికే నీళ్ళలోకి వేశానని డోయల్ నేల చూస్తూ చెప్పాడు. ఐమోజీన్ కళ్ళు నిండాయి. అయిదేళ్ళుగా ఏ గోడ మీది చేపని చూస్తూ నిలబడిందో, ఆ చేప తనది కూడానట.

"అయిదేళ్ళు నా మొహం మీదే అబద్ధం చెప్పావు కదయ్యా డోయల్. ఒక్క మాట చెబితే ఏం పోయేది?"

"చెబితే మీరు ఊరందరికీ పంచిపెట్టేస్తారని" అన్నాడు డోయల్.

"ఆవిడ ఎప్పట్నుంచో పంచుతూనే ఉందిరా, మీరే పారేస్తున్నారు" అన్నాడు వెల్డన్. ఆ మాటకి ఐమోజీన్‌కి నవ్వాగలేదు. ఏడుపూ ఆగలేదు. తడిసిన చొక్కాతో, చేపల వాసనతో, ఆ రెండూ కలిపి చేస్తూ రేవు మెట్ల మీద కూలబడిపోయింది. ఈలోపు సగంమంది కొట్టువైపు పరుగు తీశారు. సాయంత్రానికి నేరేడు రంగు వానపాము ఒక్కటీ మిగల్లేదు. వాటిని డబ్బుకి అమ్మడం వెల్డన్‌కి అదే మొదటిసారి.

సోమవారం పొద్దున్నే, టీచరు వెనకాల డోయల్ వరసలో నిలబడ్డాడు. తన వంతు రాగానే గొంతు తగ్గించి, ఎడమ పిడి రీలు ఒకటి కావాలన్నాడు. ఐమోజీన్ చెయ్యి అలవాటు కొద్దీ ఎడమవైపుకి పోయి, ఆగింది. కుడివైపు అరలోంచి ఒక పెట్టె తీసి, కళ్ళజోడు పెట్టుకుని, దాని మీద రాసింది మొదటిసారి అక్షరం అక్షరం చదివింది. సరైనదే.

"ఏదీ, ముందు చెయ్యి చూపించు" అంది.

డోయల్ చెయ్యి చాపాడు.