మిషనేవనుకుంటుంది?

గవర్రాజు వంటింట్లోనే ఉన్నాడు గానీ అది వంటింటిలా లేదు, సింకుకి మొదలుంది, చివర కనిపించడం లేదు, ఆ పొడవునా కాకినాడలో ఉన్న గిన్నెలన్నీ తెచ్చి కుప్పపోసినట్టున్నాయి, ఆ కుప్ప ముందు అతని భార్య నూకరత్నం, పోయిన వేసవిలో పోయిన మనిషి, పోయినదానిలా కాక ఇప్పుడే లేచినదానిలా కొంగు దోపుకుని, అటు తిరిగి పళ్ళేలు తోముతోంది.

"రత్నం! చచ్చినా మానవుటే ఆ తోమడం?" అని అరుస్తాడు గవర్రాజు.

"కేకలెయ్యకండి. మిషన్లో పెట్టేముందు ఓసారి నీళ్ళలో ముంచి తీస్తున్నానంతే."

"ముంచి తియ్యడవా! పీచు పెట్టి, సబ్బు పెట్టి! అది గిన్నెలు కడిగే మిషనే తల్లీ, కడిగిన గిన్నెలు దాచుకునే బీరువా కాదు!"

"ఇంత మడ్డి గిన్నెలు పెడితే మిషనేవనుకుంటుందండీ?"

బతికున్నన్నాళ్ళూ ఇదే మాట. గవర్రాజు నెత్తి బాదుకోబోతాడు, తీరా చూస్తే చేతిలో మూకుడుంది, మానేస్తాడు. అన్నాలయ్యాక ఆవిడ హాల్లోకొచ్చి తన పక్క కుర్చీలో కూర్చుంటుందని, నాలుగు కబుర్లు చెబుతుందని ఆశపడి కొన్నాడా మిషను. ఆవిడ ముందు గిన్నెలు కడిగి, అవి మిషన్లో పెట్టి, ఆనక మిషన్ని కడిగేది. సుఖపడింది మిషనే గానీ మనిషి కాదు; కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. ఇప్పుడైనా ఒక్కసారి ఆ మొహం చూపించి, కాసేపు కూర్చుంటే చాలు.

"ఇటు తిరగవే."

"ముందు దాన్ని తిరగనివ్వండి. లోపల నీళ్ళు చిమ్మే రెక్క ఆగిపోయింది, చూళ్ళేదూ?"

చూస్తుండగానే గోడలు స్టీలువైపోతాయి, ఇద్దరూ మిషను లోపలే ఉన్నారు, పళ్ళేలు నిలబెట్టే కమ్మీలు రైలుపెట్టె కిటికీల్లా బారులు తీరి ఉన్నాయి, ఆ రెక్క నెత్తిమీద ఫ్యానంతై, కదలక మెదలక, ఒక్క గవర్రాజు మీదే వాన కురిపిస్తోంది, ఆ వానకి అతను తడవడం లేదు గానీ ఒళ్ళంతా పప్పు వాసనేస్తోంది.

"నువ్వెళ్ళిన దగ్గర్నుంచీ దీనికిదే రోగం. నిమ్మఉప్పు పోశాను. వేణ్ణీళ్ళతో ఖాళీగా తిప్పాను. అడుగున జాలీ విప్పి కడిగాను. జాలీ ఉంది గానీ జాలి లేదే దీనికి! పెట్టిన ఎంగిలి పెట్టినట్టే తిరిగి వడ్డిస్తోంది."

"జాలీ ఒక్కటీ కడిగితే సరా? రెక్కెవరు దులుపుతారు?"

ఆవిడ మొహం ఇటు తిప్పకుండానే రెక్కని ఊడదీసి, చెయ్యి వెనక్కి చాపి, అతని చెవి దగ్గర ఆడిస్తుంది. లోపల గలగలమంటుంది.

"ఆవాలండీ. కన్నాల్లో ఇరుక్కున్నాయి."

"నావి కావు. నువ్వు పోయావు, పోపూ పోయింది. ఉత్త పప్పే తింటున్నాను."

"నావే లెండి."

"నీవెలా అవుతాయే? తళతళా తోమిగానీ పెట్టేదానివి కాదుగా!"

రెక్క ఆడించడం ఆగిపోతుంది.

"చివర్రోజుల్లో ఓపిక ఉండేది కాదు. అలాగే పెట్టేసేదాన్ని. మీకు చెప్పలేదు."

గవర్రాజుకి ఒళ్ళు మండిపోతుంది. "మరి అప్పుడైనా వచ్చి కూర్చోవచ్చుగా, మొండిఘటమా!"

"హాలు దూరమైపోయిందండీ. ఈ మిషను పక్కనే పీటేసుకుని, అది తిరిగినంతసేపూ కూర్చునేదాన్ని. మీరే రాలేదు. అక్కణ్ణుంచే 'రావే, రావే' అని కేకలు."

అతనేదో అనబోతాడు, ఆవిడ ఇటు తిరగబోతుంది, చెవి దుద్దు తళుక్కుమంటుంది, బుగ్గ సగం కనిపిస్తుంది, ఎక్కడో కుయ్ కుయ్‌మని కూత మొదలవుతుంది.

కూసింది మిషనే, పనైపోయిందని. గవర్రాజు హాల్లో కుర్చీలో మధ్యాహ్నపు కునుకు నుంచి లేచాడు. "అరక్షణం ఆగితే నీ సొమ్మేం పోయిందే!" అని దాన్ని తిట్టుకుంటూ వెళ్ళి తలుపు తీశాడు. పళ్ళేనికి పప్పు అంటుకున్నది అంటుకున్నట్టే ఉంది. రెక్క ఊడదీసి, ఇంట్లో ఎవరూ లేకపోయినా అటూ ఇటూ చూసి, చెవి దగ్గర ఆడించాడు.

గలగలమంది.

పిన్నీసుతో గింజలన్నీ తీసి గుప్పిట్లో పెట్టుకుని, రెక్క బిగించి, మిషను మళ్ళీ వేశాడు. లోపల నీళ్ళు గుండ్రంగా తిరుగుతున్న చప్పుడు. కుర్చీ తెచ్చుకుందామని వెనక్కి తిరిగితే, మిషనుకీ గోడకీ మధ్య సందులో, నిలువుగా ఆనించిన పీట కనిపించింది. ఇన్నాళ్ళూ అదక్కడెందుకుందో అతను అడగనేలేదు.

కుర్చీ మాట వదిలేసి, పీట వాల్చుకుని, అది తిరిగినంతసేపూ అక్కడే కూర్చున్నాడు.