సగం చుట్టు వదులు

పొద్దున్నే ఇల్లు ఊడ్చి, అత్తకి మొహం కడిగి, కోడలు కుట్టు మిషను ముందు కూర్చునేది. పై దారాన్ని బిగించే మర మీద వేలు పెట్టి, "ఇవాళ ఎలా ఉంది అత్తయ్యా?" అనేది.

"సగం చుట్టు వదులు చెయ్యమ్మాయ్," అనేది మంచం మీంచి ముసలావిడ.

ముప్పై ఏళ్ళు ఆ మిషను తొక్కింది ఆవిడే. ఒంట్లో సత్తువ చాలక మంచం పట్టిన ఏడాదికి ఆవిడ ఊపిరి మిషనుకి తగులుకుంది. స్పీడుగా తొక్కితే ఆయాసం. దారం బిగిస్తే గుండె పట్టేసేది, వదులు చేస్తే ఊపిరాడేది. చప్పుడు జోరందుకుంటే పక్కింటావిడ గోడ మీంచి కేకేసేది: "నెమ్మదమ్మోయ్! పెద్దావిడుందక్కడ."

కొడుకు పోయాక ఆ ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే. దిండు గలీబులు కుడితేనే పొయ్యి వెలిగేది. కానీ పై దారం వదులైతే కుట్టు అడుగున ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతుంది, లాగితే ఊడొస్తుంది.

ఒకరోజు గలీబులు కొనే కొట్టాయన ఒకటి తిరగేసి చూసి నిట్టూర్చాడు.

"మీ అత్తగారి సంగతి నాకు తెలీదా తల్లీ? కానీ తల పెట్టగానే పిగిలిపోయేది ఎవరికి అంటగట్టను? సాయంత్రానికి ఈ పన్నెండూ గట్టిగా కుట్టి తే. లేదంటే ఇదే ఆఖరు."

ఇంటికొచ్చి కుట్లన్నీ విప్పింది. దారం బిగించి ఒక్క గలీబు మొదలుపెట్టిందో లేదో, అత్త పెదాలు నల్లబడ్డాయి. కోడలు చప్పున కాళ్ళు తీసేసింది.

"ఆపకు. కుట్టు," అంది అత్త, రొప్పుతూ.

"నా వల్ల కాదు."

"మరి కూడెలా తింటావే?"

"తినను."

ముసలావిడ మిషను వంక చూసింది. "సరే, పోయి రేపటిదాకా గడువడిగి రా," అంది.

కొట్టాయన భోజనానికి వెళ్ళాడు. గుమ్మంలో పడిగాపులు కాస్తే, వచ్చి అడ్డంగా తలూపాడు. కాళ్ళీడ్చుకుంటూ వస్తుంటే వీధి మలుపులోనే మిషను చప్పుడు వినిపించింది. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు విన్న జోరు అది. కోడలు పరుగెత్తింది.

పక్కింటావిడ నోట్లో కొంగు కుక్కుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"ఆపలేదేం పిన్నీ!"

"లోపల గడియ పెట్టుకుందే. ఎంత పిలిచినా పలకదు!"

ఇద్దరూ భుజాలతో తలుపు తోశారు. గడియ ఊడేసరికి చప్పుడు ఆగిపోయింది. అత్త మిషను మీద చెంప ఆనించి పడుకున్నట్టుంది. పక్కన పదకొండు గలీబులు మడత పెట్టి ఉన్నాయి. పన్నెండోది సూది కింద, ఒక అంచు మిగిలి ఉంది. మర ఇంక తిరగనంత బిగించి ఉంది. అడుగున ఒక్క ఉచ్చు లేదు.

ఆ అంచు కోడలే కుట్టింది, మూడు రోజుల తర్వాత.

కొట్టాయన గలీబుల్ని తిరగేసి చూశాడు. గడువు మాట ఎత్తలేదు. ఏడాదంతా ఆమెకే పనిస్తానని పెద్ద మూట ముందుకు జరిపాడు, ఆమె మొహంలోకి చూడకుండా.

మర్నాడు పొద్దున్నించీ ఆమె ఎక్కడా ఆపకుండా కుట్టింది. కుట్టు గట్టిగా వచ్చింది. పొద్దు వాలేసరికి ఆకలేసింది. వండుకుని కడుపునిండా తింది. తిని, ఖాళీ కంచం ముందు కూర్చుని ఏడ్చింది.