సమాధి గోడ మీద రెండో కుర్చీ

పాతకాలం చైనాలోని యూజౌలో నువ్వుల నూనె గానుగ నడిపిన లువాన్ జీ జ్వరంతో పోయి నలభై రోజులైంది; శవాన్ని పెట్టెలో పెట్టి ఇంట్లోనే ఉంచారు. ఊరి బయట నేల లోపల ఇటుకల సమాధి గది కట్టడం పూర్తయింది. ఇక ఆచారం ప్రకారం లోపలి గోడల మీద వెయ్యాల్సిన భార్యాభర్తల బొమ్మలే మిగిలాయి. పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఆయన భార్య గెంగ్ మెట్లు దిగేసరికి చిత్రకారుడు కౌ గీతలు గీసేశాడు. మధ్యలో బల్ల, దాని మీద టీ గిన్నెలు. ఒక పక్క ఎత్తు కుర్చీలో వీపు ఆనించి కూర్చున్న భర్త. రెండో పక్క చేతులు కట్టుకుని నిలబడ్డ ఆడమనిషి.

"ఎవరీమె, పనిమనిషా?"

కౌ నాలిక కరుచుకున్నాడు. "మీరేనమ్మా. మరిదిగారు అలాగే వెయ్యమన్నారు."

ఆ మరిది లువాన్ దే వెనకే దిగి వచ్చాడు. "వదినా, ఆడది కుర్చీలో చేరగిలబడితే మర్యాదగల ఇల్లంటారా ఎవరైనా? మరీ అంతగా కావాలంటే పొట్టి పీట వేయిద్దాం."

"పూడ్చాక చూసేదెవరయ్యా?"

"పోయిన మన పెద్దలు చూస్తారు."

"చూడనీ. ఇరవై ఆరేళ్ళు మీ అన్నా నేనూ ఎదురెదురుగా కూర్చునే తిన్నాం. వాళ్ళకి కొత్తేముంది?"

దే ముఖం ఎర్రబడింది. "కుర్చీ వేయించావో, అన్న శవపెట్టెకి మా వంశంలో ఒక్క మగాడూ భుజం పట్టడు."

ఆ మాట విని గెంగ్ మెట్లెక్కింది. ఇంటికి వెళ్ళి, తన కుర్చీ తానే మోసుకొచ్చి, ఆ గోడ ముందు వేసుకుని కూర్చుంది.

"కౌ, చూసి వెయ్యి. రంగు ఆరాకే లేస్తాను."

రెండు రోజులు చలిలో అలాగే కూర్చుంది. పెద్ద కూతురు వేడి గంజి తెచ్చి తాగించి, రాత్రికి మాత్రం బతిమాలి ఇంటికి తీసుకెళ్ళేది. తెల్లవారేసరికి మళ్ళీ అక్కడే. మూడో రోజు దే తల్లిని వెంటబెట్టుకొచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలావిడ మనవరాలి భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.

"అమ్మా, నువ్వైనా చెప్పు!"

ఆవిడ గోడకేసి చూసింది. "మీ నాన్న తినేటప్పుడు పక్కన నిలబడి నిలబడి నా మోకాళ్ళు అరిగిపోయాయి. చెప్పడానికేముందిరా? ఏమయ్యా కౌ, నా కోడలి కుర్చీ వీపు ఇంకాస్త పైకి లాగు."

దే గిరుక్కున తిరిగి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. అన్నంత పనీ చేశాడు. సమాధి చేసే నాడు వంశంలో మగవాళ్ళెవరూ రాలేదు. గానుగలో పనిచేసే ఆరుగురూ పెట్టె ఎత్తారు. కూతుళ్ళిద్దరూ మోత కర్రకి చెరో కొస పట్టారు. వీధి పొడుగునా గుమ్మాల్లో గుసగుసలు. తెల్ల నార బట్టల్లో గెంగ్ అందరికంటే ముందు, తల దించకుండా నడిచింది.

పెట్టె దించాక దీపం ఎత్తి గోడ మీది బొమ్మని ఆఖరిసారి చూసింది. ఆయన ముఖం దగ్గర ఆగేసరికి కళ్ళు మసకబారాయి. తుడుచుకుంది. ఎదురుగా తాను, ఆయనంత ఎత్తున, తిన్నగా కూర్చుని ఉంది.

"నేనూ ఇక్కడికి వచ్చేదాకా నా చోటు ఎవరికీ ఇవ్వకు" అని ఆయనతో చెప్పి, మేస్త్రీ వైపు తిరిగింది. "ఇక మూసెయ్యండి."